పరాయి జెండా కింద సొంత పని

ఓడను కొనడం ఒక ఎత్తు, దాన్ని తెలిసి నడపడం మరో ఎత్తు. డబ్బు చెల్లిస్తే ఓడ వస్తుంది. దాంతోపాటు బీరువాలకొద్దీ పుస్తకాలు, పెట్టెలకొద్దీ విడిభాగాలు వస్తాయి. ఏ పంపు ఎలాంటి చప్పుడు చేస్తే వెంటనే ఆపెయ్యాలో, ఏ వాల్వు చలిలో మొరాయిస్తుందో ఆ పుస్తకాల్లో ఉండదు. అది మనిషి నుంచి మనిషికి రావాలి. అందుకే నౌకాదళం కట్టుకోవాలనుకున్న రాజ్యాలు ఓడలతోపాటు మనుషుల్నీ బయటినుంచి తెచ్చుకున్నాయి. లేదా తమ మనుషుల్నే నేర్చుకు రమ్మని బయటికి పంపాయి.

అలా వెళ్లినవాళ్లలో నేనొకణ్ని. భారత నౌకాదళంలో ఇంజనీరింగ్ ఆఫీసర్‌గా పనిచేసి రిటైరయ్యాను. 1965లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక మన తూర్పు తీరానికి వరసగా అక్కడి ఓడలు వచ్చాయి. వాటికి విశాఖపట్నం మెట్టినిల్లయింది. ఇవాళ బీచ్ రోడ్డులో పిల్లలు టికెట్ కొనుక్కుని ఎక్కి చూసే కుర్సురా సబ్‌మెరీన్ 1969లో బాల్టిక్ తీరాన రీగాలో మన జెండా ఎగరేసింది. నా వంతుకు వచ్చినవి రాజ్‌పుత్ తరగతి డిస్ట్రాయర్లు. నల్ల సముద్రానికి దగ్గరగా నికొలాయెవ్ అనే ఊళ్లో వాటిని కట్టారు. మొదటిది, ఐఎన్ఎస్ రాజ్‌పుత్, 1980 మే 4న పోతీ రేవులో మన నౌకాదళంలో చేరింది.

నికొలాయెవ్‌లోనే అడ్మిరల్ అలెక్సెయ్ గ్రేగ్ పేరు విన్నాను. 1816 నుంచి 1833 దాకా నల్ల సముద్రపు నౌకాదళానికి అధిపతి. ఆ ఊళ్లో 1821లో ఖగోళ వేధశాల పెట్టించినవాడు. రష్యన్ అడ్మిరల్‌కి ఆ ఇంటిపేరెలా వచ్చిందని మా రష్యన్ మాస్టారిని అడిగితే, ఆ అడ్మిరల్ తండ్రి కథ మొదలుపెట్టారు. తండ్రి పేరు శామ్యూల్ గ్రేగ్. స్కాట్లాండ్ వాడు. 1764లో రష్యా కొలువులో చేరి, 1788లో అదే కొలువులో, తన ఓడ మీదే కన్నుమూశాడు.

ఆయన గెలిచిన యుద్ధాల గురించి చరిత్రకారులు రాశారు. ఆయన ఉద్యోగం గురించి, అంటే రోజూ పొద్దున్నే లేచి చేసిన పని గురించి, అదే వృత్తిలో బతికినవాడిగా నేను రాయాలనుకుంటున్నాను. పరాయి నౌకాదళంలో ఆఫీసర్ విలువ అతను ఉన్నప్పటి గెలుపుల్లో కన్నా, అతను వెళ్లిపోయాక కూడా ఆగకుండా సాగే పనిలో తెలుస్తుంది. నా ఉద్యోగం నాకు నేర్పిన ఈ మాటకి గ్రేగ్ జీవితం కన్నా గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

సగం జీతమూ లేని ఆఫీసర్

గ్రేగ్ 1735లో ఇన్వర్‌కీథింగ్‌లో పుట్టాడు. ఎడిన్‌బరోకి ఎదురుగా, ఫోర్త్ నది సముద్రంలో కలిసేచోట ఉత్తరపు ఒడ్డున ఉన్న చిన్న రేవు పట్టణం అది. తండ్రి ఛార్లెస్ సరుకు ఓడల మనిషి. పిల్లవాడు తండ్రి ఓడల మీదే పని నేర్చుకున్నాడు. సరుకు ఓడలో పెరిగినవాడికి ఒక గుణం అబ్బుతుంది. తాడు తెగితే ఎంత నష్టమో, తెరచాప చిరిగితే కుట్టడానికి ఎన్ని గంటలు పడుతుందో, ఏ సరుకు ఎక్కడ పేరిస్తే ఓడ ఒరగకుండా ఉంటుందో వాడికి లెక్క తెలుస్తుంది. పెద్ద ఇళ్ల నుంచి నేరుగా ఆఫీసర్లుగా వచ్చినవాళ్లకి ఈ లెక్క ఆలస్యంగా వచ్చేది.

తర్వాత బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. అప్పుడు ఫ్రాన్స్‌తో ఏడేళ్ల యుద్ధం నడుస్తోంది. 1759లో క్విబెరాన్ తీరాన తుపాను గాలుల మధ్య జరిగిన యుద్ధంలో ఉన్నాడు. 1762లో హవానా ముట్టడిలో ఉన్నాడు. లెఫ్టినెంట్ బాధ్యతలు మోశాడు గానీ ఆ హోదా మాత్రం ఖరారు కాలేదు. ఆ రోజుల్లో పై హోదాకి నైపుణ్యం ఒక్కటే చాలేది కాదు. లండన్‌లో పేరు చెప్పేవాడు ఉండాలి.

1763లో సంధి కుదిరింది. ఓడలకి కొయ్యలు దించి రేవుల్లో కట్టేశారు. నావికుల్ని ఇళ్లకి పంపారు. ఆఫీసర్లని సగం జీతం మీద ఒడ్డున కూర్చోబెట్టారు. హోదా ఖరారైనవాళ్లకే ఆ సగం జీతం. తక్కినవాళ్లు మళ్లీ సరుకు ఓడలు వెతుక్కోవాలి. సరిగ్గా అప్పుడే రష్యాలో కొత్త సామ్రాజ్ఞి కాథరిన్ అనుభవమున్న ఆఫీసర్ల కోసం చూస్తోంది. బ్రిటిష్ ప్రభుత్వం కూడా అభ్యంతరం చెప్పలేదు. అప్పటికి రష్యాతో స్నేహంగా ఉంది, పైగా ఓడల కొయ్యలూ తాళ్లకి జనుమూ చాలావరకు బాల్టిక్ రేవుల నుంచే రావాలి. అలా గ్రేగ్ కెప్టెన్ హోదాతో క్రోన్‌స్టాట్‌లో దిగాడు.

మంచు రేవు

క్రోన్‌స్టాట్ సెయింట్ పీటర్స్‌బర్గ్ ముంగిట దీవి మీద ఉన్న రేవు. పీటర్ చక్రవర్తి 18వ శతాబ్దం మొదట్లో అక్కడ కోట కట్టి, నౌకాదళానికి దాన్ని గుండెకాయ చేశాడు. 1725లో ఆయన పోయాక ఆ దళాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1765లో కాథరిన్ తన ఓడల విన్యాసాలు స్వయంగా చూసింది. వరస నిలబెట్టలేక, గురి తగలక తంటాలు పడుతున్న ఆ ఓడల్ని చేపల వేటకి వెళ్లే పడవలతో పోలుస్తూ మంత్రికి కోపంగా ఉత్తరం రాసింది. గ్రేగ్ చేరిన దళం అదీ.

ఆ సముద్రం తీరు వేరు. శీతాకాలమంతా రేవు గడ్డకట్టుకుని ఉంటుంది. మంచు కరిగిన తర్వాతే ఓడ కదులుతుంది, మళ్లీ మంచు పట్టేలోపు ఇంటికి చేరాలి. అంటే ఏటా దాదాపు సగం కాలం నావికుడికి సముద్రం ఉండదు. వేసవిలో నేర్చుకున్నది చలికాలంలో మరిచిపోతాడు. పైగా ఆ నావికులు ఎవరు? సముద్రం ఎరగని పల్లెల నుంచి లెవీ కింద పట్టుకొచ్చిన రైతుబిడ్డలు. ఒకసారి సైన్యానికి పోయినవాణ్ని ఊరు బతికుండగానే వదులుకునేది, ఎందుకంటే అది జీవితకాలపు కొలువు.

తేదీలు కూడా రెండు. బ్రిటన్ 1752లోనే కొత్త క్యాలెండర్‌కి మారింది. రష్యా పాతదాన్నే పట్టుకుంది. ఆ శతాబ్దంలో రెండింటికీ పదకొండు రోజుల తేడా. ఇంటికి రాసే ఉత్తరంలో ఒక తేదీ, ఓడ లాగ్‌బుక్‌లో ఇంకో తేదీ. అక్కడివాళ్ల అలవాటు ప్రకారం తండ్రి పేరు కలిపి ఆయన్ని శమూయిల్ కార్లొవిచ్ అని పిలిచారు. మమ్మల్నీ అక్కడి ఫ్యాక్టరీ మాస్టర్లు నాన్నగారి పేరు అడిగి అలాగే పిలిచేవారు. ఆ పిలుపులో గౌరవమూ ఉంది, మా మనిషివే అని కలుపుకోవడమూ ఉంది.

కొత్త దళంలోకి వెళ్లిన ఆఫీసర్ మొదట చేయాల్సిన పని మాట్లాడటం కాదు, చూడటం. మాకు ఓడ అప్పగించేముందు ప్రతి పైపునీ మొదటి నుంచి చివరిదాకా చేత్తో తడుముతూ వెళ్లాలి. ఎక్కడ మొదలైంది, ఏ గోడలోంచి దూరింది, ఏ వాల్వు దగ్గర చీలింది అని కాగితం మీద గీసుకోవాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా అడుగు అంతస్తులో మోకాళ్ల మీద పాకాల్సిందే. ఇంధనం లైను, చల్లార్చే నీటి లైను, మంటలార్పే లైను, ఒక్కోటీ చేతికి తెలియాలి. అలా పాకినవాడికే రేపు పొగ కమ్మిన చీకట్లో దారి దొరుకుతుంది. తెరచాప ఓడలో పైపుల బదులు తాళ్లు. పెద్ద యుద్ధనౌక మీద ఉండే వందలాది తాళ్లలో ప్రతిదానికీ ఒక చోటు, ఒక పని. చీకట్లో, వర్షంలో చెయ్యి చాస్తే సరైన తాడే చేతికి తగలాలి. గ్రేగ్ చిన్నతనంలోనే ఆ చదువు పూర్తిచేసుకుని వచ్చాడు. ఇప్పుడు దాన్ని వేరే భాషలో, సముద్రం చూడని కుర్రాళ్లకి నేర్పాలి.

చెష్మే

1768లో రష్యాకీ తుర్కీకీ యుద్ధం వచ్చింది. అప్పటికి నల్ల సముద్రంలో రష్యాకి దళమే లేదు. కాథరిన్ బాల్టిక్ ఓడల్ని యూరప్ చుట్టూ తిప్పి మధ్యధరా సముద్రంలోకి పంపాలని నిర్ణయించింది. 1769 వేసవిలో అడ్మిరల్ స్పిరిదోవ్ దళం బయల్దేరింది. అందులో త్రి ఇయరార్ఖా అనే యుద్ధనౌకకి గ్రేగ్ కెప్టెన్.

ఆ ప్రయాణంలో శత్రువు కన్నా ముందు జబ్బులు ఎదురొచ్చాయి. ఇరుకు డెక్కుల్లో తడిబట్టలతో, పాచిపోయిన నీళ్లతో బతికిన రైతుబిడ్డలు వందల సంఖ్యలో మంచాన పడ్డారు. ఇంగ్లండ్‌లోని హల్ రేవులో ఆగి రోగుల్ని దించాల్సి వచ్చింది, దెబ్బతిన్న ఓడల్ని బాగుచేసుకోవాల్సి వచ్చింది. అక్కడి రేవులు తలుపులు తెరవకపోతే ఆ దండయాత్ర సగంలోనే ఆగేది. చల్లటి, ఉప్పు తక్కువ బాల్టిక్ నీళ్లలో కొయ్యను తొలిచే పురుగు బతకదు. వెచ్చటి మధ్యధరాలో అది ఓడ అడుగుని జల్లెడ చేస్తుంది. చలి కోసం కట్టిన ఓడ వెచ్చటి నీళ్లకి వస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. మా ఓడల్లో యంత్రాల్ని చల్లార్చేది సముద్రపు నీరే. ఉత్తరాన చన్నీళ్ల లెక్కతో గీసిన యంత్రం విశాఖ ఎండాకాలపు నీటితో చల్లబడాలంటే ఎప్పుడూ అంచు మీదే నడుస్తుంది. మా రోజులు చాలావరకు ఆ అంచుని కాపలా కాయడంలోనే గడిచాయి.

1770 జులై 5న, రష్యన్ లాగ్‌బుక్‌లో జూన్ 24న, కియోస్ జలసంధిలో రెండు దళాలూ ఎదురయ్యాయి. రష్యాకి తొమ్మిది యుద్ధనౌకలు, తుర్కీకి పదహారు. మొత్తం దండయాత్రకి అధిపతి అలెక్సెయ్ ఓర్లోవ్. ఆయన సైన్యం మనిషే గాని సముద్రం మనిషి కాదు. తన జెండా గ్రేగ్ ఓడ మీద ఎగరేసి, సముద్రపు సంగతుల్లో గ్రేగ్ మీద ఆధారపడ్డాడు. ఆ రోజు స్పిరిదోవ్ ఓడ ఎవ్‌స్తాఫీ తుర్కీ ఓడ ఒకదాన్ని ఢీకొట్టింది. తగలబడుతున్న తుర్కీ ఓడ కొయ్య విరిగి ఎవ్‌స్తాఫీ మీద పడింది. నిప్పు మందుగుండు గదికి చేరి ఓడ ముక్కలైంది. వందలమంది పోయారు. తుర్కీ దళం లంగరు తాళ్లు కోసుకుని చెష్మే అఖాతంలోకి దూరింది. ఇరుకు చోట, ఒకదాని పక్కన ఒకటిగా నిలబడింది.

అక్కడ వాళ్లని కాల్చెయ్యాలని నిర్ణయమైంది. నాలుగు సరుకు ఓడల్ని నిప్పు ఓడలుగా మార్చారు. ఆ పని చూసింది ఫిరంగిదళం అధిపతి ఇవాన్ గన్నిబాల్. పీటర్ చక్రవర్తి కొలువులో పెరిగి జనరల్ అయిన ఆఫ్రికా మనిషి అబ్రామ్ గన్నిబాల్ కొడుకు ఆయన. నిప్పు ఓడ తయారుచేయడం సున్నితమైన పని. తారు, గంధకం, మందుగుండు సరైన చోట నింపాలి. గాలి ఆడేలా కిటికీలు కోయాలి. తెరచాప కర్రల చివర్లకి కొక్కేలు బిగించాలి. శత్రు ఓడకి ఆనించి, కొక్కెం తగిలాక వత్తి వెలిగించి, వెనక కట్టిన చిన్న పడవలోకి దూకి పారిపోవాలి. ఒక నిమిషం ముందు వెలిగిస్తే వృథా. ఒక నిమిషం ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

జులై 7న, వెన్నెల రాత్రి, నాలుగు యుద్ధనౌకలు, రెండు ఫ్రిగేట్లు, గ్రోమ్ అనే బాంబు ఓడ, నాలుగు నిప్పు ఓడలున్న దళాన్ని గ్రేగ్ రోస్తిస్లావ్ అనే యుద్ధనౌక మీంచి అఖాతంలోకి నడిపించాడు. ముందుగా లోపలికి చేరింది క్లొకాచోవ్ కెప్టెన్‌గా ఉన్న ఎవ్రోపా. గ్రోమ్ నుంచి వెళ్లిన గుండు ఒక తుర్కీ ఓడ తెరచాపకి నిప్పంటించింది. అప్పుడు నిప్పు ఓడలు కదిలాయి. మొదటిది బ్రిటిష్ ఆఫీసర్ డగ్‌డేల్‌ది. తుర్కీ పడవలు చుట్టుముట్టడంతో లక్ష్యం చేరకముందే దానికి నిప్పు పెట్టాల్సి వచ్చింది. రెండోది మెకెంజీది. అది అప్పటికే తగలబడుతున్న ఓడల దగ్గరికి చేరింది. మూడోదానికి అధిపతి లెఫ్టినెంట్ ద్మిత్రీ ఇల్యీన్, రష్యన్. 84 ఫిరంగుల ఓడకి ఆనించి, కొక్కెం తగిలించి, వత్తి వెలిగించి పడవలోకి దిగాడు. నాలుగోదాన్ని నడిపినవాడు గగారిన్. అది చేరేసరికి పని పూర్తయింది. తెల్లారేసరికి తుర్కీ పదిహేను యుద్ధనౌకలు, ఆరు ఫ్రిగేట్లు కాలిపోయాయి. దాదాపు పదివేల మంది చనిపోయారు. అఖాతంలో రష్యా పోగొట్టుకున్నది పదకొండు మందిని.

ఈ లెక్కల్లో నా కన్ను ఎప్పుడూ ఒకచోటే ఆగుతుంది. నాలుగు నిప్పు ఓడల్లో రెండు విదేశీ ఆఫీసర్లవి, రెండు రష్యన్లవి. గురి తగిలింది రష్యన్ కుర్రాడిది. వ్యూహం నడిపిన గ్రేగ్‌కి రియర్ అడ్మిరల్ హోదా, సెయింట్ జార్జ్ రెండో తరగతి బిరుదు వచ్చాయి, న్యాయంగానే వచ్చాయి. నేర్పించడానికి వచ్చినవాడికి నా దృష్టిలో ఇల్యీన్ అంతకన్నా పెద్ద బహుమానం. మరోవైపు పదివేల ప్రాణాల సంగతి. ఆ మంటల వెలుగులో రష్యన్లు నీళ్లలో ఉన్న తుర్కీ నావికుల్ని పైకి లాగడానికి పడవలు పంపారు. యుద్ధం మా వృత్తిలో భాగం. నీళ్లలో పడ్డవాణ్ని లాగడం ఆ వృత్తికి ఉన్న మొదటి ధర్మం. రెండూ ఒకే రాత్రి జరిగాయని గుర్తుపెట్టుకోవాలి.

ఆజ్ఞ

పరాయి కొలువులో ఆజ్ఞ పాటించడం స్వదేశంలో కన్నా కష్టం. అక్కడ నీ ఇష్టాయిష్టాలకి విలువ తక్కువ. 1775లో ఇటలీలోని లివోర్నో రేవులో గ్రేగ్ దళం ఉంది. పాత సామ్రాజ్ఞి ఎలిజబెత్ కూతుర్ని నేనేనని చెప్పుకున్న ఒక యువతి, చరిత్రలో తరకానోవా రాకుమారి అని పేరుపడ్డామె, అప్పుడు ఇటలీలో ఉంది. ఓర్లోవ్ ప్రేమ నటించి ఆమెను ఓడ మీదికి పిలిచాడు. వేడుక జరుగుతుండగానే బంధించారు. ఆమెను క్రోన్‌స్టాట్‌కి తెచ్చింది గ్రేగ్ దళమే. ఆ ఏడాది చివర్లో ఆమె పీటర్ పాల్ కోట చెరలో క్షయతో చనిపోయింది.

ఈ ఘట్టాన్ని దాటేసి గ్రేగ్ గొప్పతనం ఒక్కటే చెప్పడం నాకు సమ్మతం కాదు. పరాయి రాజ్యం జీతం తీసుకున్నవాడు ఆ రాజ్యం యుద్ధాల్నే కాదు, దాని దొంగపనుల్నీ మోయాల్సి రావచ్చు. బయటి కొలువుకి వెళ్లే ఎవరైనా ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఈ బరువు తూచుకోవాలి.

డాకు, రాగి, ఫిరంగి

1775లో గ్రేగ్ క్రోన్‌స్టాట్ రేవుకి ప్రధాన అధికారి అయ్యాడు. పోయేదాకా, పదమూడేళ్లు, ఆ బాధ్యత ఆయనదే. చరిత్ర పుస్తకాలు ఈ భాగాన్ని ఒకటి రెండు పేరాల్లో ముగిస్తాయి. ఇంజనీర్‌గా నేను ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే.

ముందు డాకు సంగతి. ఓడ అడుగుని బాగుచెయ్యాలంటే దాన్ని డాకులోకి తెచ్చి, తలుపులు మూసి, నీళ్లు తోడెయ్యాలి. క్రోన్‌స్టాట్ డాకు పీటర్ కాలంలో మొదలై 1752లో తెరుచుకుంది. గాలిమరలతో నీళ్లు తోడేవారు. గాలి ఉంటే తిరుగుతాయి, లేకపోతే లేదు. డాకు ఖాళీ కావడానికి నెలలు పట్టేది. అంతలో వేసవి అయిపోయేది. అంటే ఒక ఓడ అడుగు చూడటానికి ఒక ఏడాది యుద్ధకాలం పోయేది. గ్రేగ్ ఈ బాధ్యత తీసుకోకముందు రష్యా కొలువులో పనిచేసిన బ్రిటిష్ అడ్మిరల్ ఛార్లెస్ నోల్స్ ఆవిరి యంత్రం తెప్పించాలన్నాడు. జాన్ స్మీటన్ దాన్ని రూపకల్పన చేశాడు, స్కాట్లాండ్‌లోని కారన్ కంపెనీ పోతపోసింది. 1770ల్లో గ్రేగ్ ఏలుబడిలో అది క్రోన్‌స్టాట్‌లో పనికి ఎక్కింది. నెలల పని వారాల్లోకి దిగింది.

డాకు ఖాళీ అయ్యే వేగం యుద్ధాల్ని నిర్ణయిస్తుందంటే బయటివాళ్లకి అతిశయోక్తిగా ఉంటుంది. కాదు. దళంలో కాగితం మీద ఇరవై ఓడలున్నా, వాటిలో ఎన్ని ఆ రోజు లంగరెత్తగలవన్నదే అసలు బలం. ఆ సంఖ్యని పెంచేది కెప్టెన్లు కాదు, డాకులు. విశాఖ నేవల్ డాక్‌యార్డ్‌లో రిఫిట్ గడువు వారం ముందుకి జరిపిన ఫోర్‌మన్‌కి నేను మనసులో ఎప్పుడూ పతకం తగిలించేవాణ్ని.

తర్వాత రాగి. కొయ్య ఓడ అడుగున నాచు, గుల్లలు పట్టి వేగం తగ్గుతుంది, వెచ్చటి నీళ్లలో పురుగు తొలుస్తుంది. పల్చటి రాగి రేకులు పరిస్తే రెండూ దగ్గరికి రావు. బ్రిటన్ ఈ పద్ధతిని పెద్దఎత్తున అందుకున్న కొద్దికాలానికే గ్రేగ్ రష్యన్ ఓడలకీ రాగి తొడిగించడం మొదలుపెట్టాడు. ఓడల అమరికలో, తెరచాపల కొలతల్లో, ఫిరంగుల మోతలో తను పుట్టిన దేశపు మంచి పద్ధతులు ఒక్కొక్కటీ తెచ్చిపెట్టాడు.

మూడోది ఫిరంగి. పోతలో బుడగ ఉన్న ఫిరంగి పేలితే చచ్చేది శత్రువు కాదు, మన గుండు వేసేవాడే. రష్యాలో ఇనుమూ ఉంది, బొగ్గూ ఉంది, పోత నాణ్యతే లేదు. గ్రేగ్ చొరవతో 1786లో కారన్ కంపెనీ అధిపతి ఛార్లెస్ గాస్కోయిన్ పనివాళ్లనీ పరికరాల్నీ వెంటబెట్టుకుని రష్యా వచ్చాడు. పెత్రోజవోద్‌స్క్‌లోని అలెక్సాంద్రోవ్‌స్కీ పోతశాలని కొత్తగా నిలబెట్టాడు. దీనికి బ్రిటన్‌లో చాలామంది మండిపడ్డారు. వాళ్ల కోపంలో అర్థం ఉంది. ఓడలు అమ్మితే డబ్బు వస్తుంది, ఓడలు కట్టే విద్య వెళితే పెత్తనమే పోతుంది. గ్రేగ్ తెచ్చింది ఆ విద్య. కొనుక్కునే దేశం నుంచి చేసుకునే దేశంగా రష్యాని ఒక మెట్టు ఎక్కించాడు.

ఇదే పాఠం మా ఓడల దగ్గర చూశాను. మొదటి కాలంలో సోవియట్ గ్యారంటీ నిపుణులు ఓడతోపాటే వచ్చి రేవులో ఉండేవారు. ఏదైనా మొరాయిస్తే వాళ్లని పిలిచేవాళ్లం. వాళ్లలో రెండు రకాలు. ఒకరు పని చేసి చేతులు తుడుచుకుని వెళ్లిపోయేవారు. ఇంకొకరు మా కుర్రాళ్ల చేతికి స్పానర్ ఇచ్చి, పక్కన నిలబడి, తప్పు తిప్పితే మణికట్టు పట్టుకుని సరిచేసేవారు. రెండో రకంవాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ ఓడలు ఏళ్ల తరబడి మన చేతుల్లోనే నడిచాయి. రాజ్‌పుత్ 2021 మే దాకా కొలువులో ఉంది, ఆ ఓడని కట్టిన దేశమే అంతకు చాలా ముందు లేకుండా పోయింది.

హోగ్లాండ్

1787లో మళ్లీ తుర్కీతో యుద్ధం మొదలైంది. 1788లో గ్రేగ్ కొత్త దళంతో మధ్యధరాకి బయల్దేరబోతున్నాడు. ఆ ఏడాదే అమెరికా యుద్ధవీరుడు జాన్ పాల్ జోన్స్ కూడా రష్యా కొలువులో చేరాడు. అతను బ్రిటన్ మీద పోరాడినవాడు. అతన్ని బాల్టిక్ దళంలో వేస్తే రాజీనామా చేస్తామని అక్కడి బ్రిటిష్ ఆఫీసర్లు పట్టుబట్టారు. జోన్స్‌ని నల్ల సముద్రానికి పంపారు. విదేశీ ఆఫీసర్లు ఎక్కువైన చోట వాళ్ల పాత పగలూ దళంలోకి దిగుమతి అవుతాయి. ఆతిథ్యం ఇచ్చిన రాజ్యం వాటిని మోస్తుంది.

దళం కదలకముందే స్వీడన్ యుద్ధం మొదలుపెట్టింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి సముద్రం వైపు నుంచి అడ్డు గ్రేగ్ దళం ఒక్కటే. 1788 జులై 17న ఫిన్లాండ్ సింధుశాఖలో హోగ్లాండ్ దీవి దగ్గర రెండు దళాలూ కలబడ్డాయి. రష్యావి పదిహేడు యుద్ధనౌకలు. స్వీడన్‌వి పదిహేను, వాటికి తోడు పెద్ద ఫ్రిగేట్లు. గాలి చచ్చుబడింది. పొగ కదలక నిలబడిపోయింది. గంటల తరబడి కాల్చుకున్నారు. స్వీడన్ ఓడ ప్రిన్స్ గుస్తాఫ్ రష్యాకి చిక్కింది, రష్యా ఓడ వ్లదిస్లావ్ స్వీడన్‌కి చిక్కింది. ఓడల లెక్కలో చెరిసగం. కానీ స్వీడన్ దళం స్వేబోర్గ్ కోటలోకి వెనక్కి తగ్గింది, గ్రేగ్ దాన్ని అక్కడే దిగ్బంధించాడు. రాజధాని మీదికి రావాలన్న స్వీడన్ రాజు ఎత్తు అంతటితో చెదిరింది.

యుద్ధం తర్వాత గ్రేగ్ చేసింది నాకు ఇంకా ముఖ్యం. వెనక దళంలోని కొన్ని ఓడలు దూరంగా ఉండిపోయాయి. వాటి అధికారుల్ని ఆయన విచారణకి పంపాడు. గెలుపు సంబరంలో దాన్ని కప్పేయవచ్చు. విదేశీయుడిగా స్థానిక ఆఫీసర్ల మీద చర్య తీసుకుంటే శత్రువులు పెరుగుతారు. అయినా కప్పలేదు. ముందున్నవాడి నమ్మకం వెనకున్నవాడి మీద నిలబడే వృత్తిలో అది కప్పకూడని సంగతి.

ఆ శరదృతువులో దిగ్బంధం మీద ఉండగానే జ్వరం పట్టింది. కాథరిన్ తన సొంత వైద్యుడు, మరో స్కాట్లాండ్ మనిషి, రోజర్సన్‌ని పంపింది. అక్టోబర్ 26న రేవల్ రేవులో, రోస్తిస్లావ్ ఓడ మీద గ్రేగ్ కన్నుమూశాడు. ఇవాళ టాలిన్ అని పిలిచే ఆ ఊళ్లో కొండ మీది పెద్ద చర్చిలో ఆయన సమాధి ఉంది. దాన్ని రూపొందించింది ఇటలీ వాస్తుశిల్పి క్వారెంగీ.

మిగిలిన పని

తండ్రి పోయేసరికి అలెక్సెయ్ చిన్న కుర్రాడు. రష్యన్ ఆఫీసర్‌గానే అతన్ని బ్రిటిష్ నౌకాదళంలో పని నేర్చుకోవడానికి పంపారు. తండ్రి వచ్చిన దారినే కొడుకు ఎదురు నడిచాడు, నేర్చుకుని తిరిగి రష్యాకి వచ్చాడు. నల్ల సముద్రపు దళాన్ని, నికొలాయెవ్ నౌకాశాలల్ని తీర్చిదిద్దాడు. పుల్కోవో ఖగోళ వేధశాల కట్టడానికి వేసిన సంఘానికి అధ్యక్షుడయ్యాడు. మరో కొడుకు శామ్యూల్ లండన్‌లో రష్యా కాన్సుల్‌గా పనిచేశాడు. అతని భార్యే తర్వాత మేరీ సోమర్‌విల్ పేరుతో పేరుపొందిన శాస్త్రవేత్త.

నికొలాయెవ్‌లో మా ఓడల్ని కట్టిన చేతుల వెనక ఎన్ని తరాల పని ఉందో ఈ కుటుంబం కథ చదివాకే నాకు అర్థమైంది. స్కాట్లాండ్ నుంచి క్రోన్‌స్టాట్‌కి వెళ్లిన విద్యలో ఒక పాయ నల్ల సముద్రానికి చేరింది. అక్కడి నౌకాశాలల్లో కట్టిన ఓడలు, వాటితోపాటు నేర్చుకున్న విద్య మన విశాఖకి చేరాయి. ఇవాళ విశాఖలోనే న్యూక్లియర్ సబ్‌మెరీన్లు కడుతున్నారు.

మన తెలుగు ఊళ్ల నుంచి ఏటా ఎంతోమంది కుర్రాళ్లు, ఇప్పుడు అమ్మాయిలు కూడా, విదేశీ జెండాలున్న ఓడలెక్కుతున్నారు. విదేశీ షిప్‌యార్డుల్లో, డిజైన్ ఆఫీసుల్లో పనిచేస్తున్నారు. పరాయి కొలువు చేస్తూ సొంతవాళ్లం ఎలా అవుతామని కొందరు నన్ను అడుగుతారు. వాళ్లకి నేను చెప్పేది ఒకటే. జీతం ఎవరిదైనా పని నీది. ఓడని శుభ్రంగా ఉంచు, చేతికింద ఉన్నవాడి ప్రాణం నీ ప్రాణమనుకో, తప్పు జరిగితే కప్పకు, నీకు తెలిసింది దాచుకోకు. నువ్వు దిగి వెళ్లిన మర్నాడు నీ స్థానంలో నిలబడ్డవాడు తడబడకపోతే నీ ఉద్యోగం నెరవేరినట్టు. గ్రేగ్ ఉద్యోగం అలా నెరవేరింది. మన ఉద్యోగాన్నీ ఆ కొలతతోనే కొలుచుకుందాం.